చందమామ పాటలో యతి ఎవరు పెట్టారు?

పోయిన నెలలో ఒక రాత్రి మా అక్క కూతురు ఫోన్ చేసింది. పదో తరగతి చదువుతోంది, మర్నాడు తెలుగు పరీక్ష. "పిన్నీ, ఉపమకీ ఉత్ప్రేక్షకీ తేడా ఏంటి? రెండూ ఒకేలా ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది" అంది. ఉపమేయానికీ ఉపమానానికీ మనోహరమైన పోలిక చెబితే ఉపమ, ఉపమేయాన్ని ఉపమానంగా ఊహిస్తే ఉత్ప్రేక్ష అని గడగడా చెప్పేశాను. రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అది పుస్తకంలోనే ఉంది పిన్నీ. నాకు అర్థమయ్యేట్టు చెప్పు" అంది.

ఆ రాత్రి గంటన్నర మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. నేను కూడా ఈ లక్షణాలన్నీ బట్టీ పట్టే పాసయ్యాను, కానీ అవి పద్యంలో ఏం పని చేస్తాయో నాకు స్కూల్లో ఎవరూ చెప్పలేదు, చాలా ఏళ్ల తర్వాత నాకు నేనుగా తెలుసుకున్నాను. ఆ రోజు దానికి చెప్పినవి, హడావిడిలో చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ పోలికల సంగతి. మా అమ్మమ్మ చేతులు బాగా గరుకుగా ఉండేవి, జీవితమంతా పొలం పనే. "అమ్మమ్మ చెయ్యి వేపబెరడులా గరుకుగా ఉంటుంది" అన్నామనుకోండి, ఇది ఉపమ. ఇందులో నాలుగు ముక్కలున్నాయి: చెయ్యి ఉపమేయం, వేపబెరడు ఉపమానం, గరుకుదనం సమానధర్మం, "లా" అనేది ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఏదైనా ఒకటి తగ్గితే లుప్తోపమ. ఇక్కడ చెప్పేవాళ్లకి చెయ్యి చెయ్యే, బెరడు బెరడే. రెంటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తున్నారంతే.

ఇప్పుడు చూడండి. "అమ్మమ్మ చెయ్యి నా తల మీద పడగానే, వేపకొమ్మ వంగి నా తల నిమురుతోందేమో అనిపించింది." ఇది ఉత్ప్రేక్ష. ఒక్క క్షణం మనసు తడబడింది, చెయ్యేనా కొమ్మా అని. ఆ "ఏమో", "కాబోలు", "అన్నట్టు ఉంది" అనే మాటల్లో ఉన్నది ఆ తడబాటే. ఉపమలో తడబాటు ఉండదు. పరీక్షలో తేడా పట్టుకోవాలంటే "లాగా" కోసం వెతక్కు, మాట్లాడేవాడు పోలుస్తున్నాడా ఊహిస్తున్నాడా అని చూడు అని చెప్పాను.

ఇంకో మెట్టు ఎక్కి "అమ్మమ్మ చెయ్యి వేపకొమ్మ" అంటే రూపకం. లా లేదు, ఏమో లేదు, అదే ఇది. ఇక ఆఖరి మెట్టు, "వేపకొమ్మ వంగి నా తల నిమిరింది." చెయ్యి ఊసే లేదు! ఉపమానం ఉపమేయాన్ని పూర్తిగా మింగేసింది. దీన్ని రూపకాతిశయోక్తి అంటారు. ఇలా ఒకే విషయాన్ని నాలుగు మెట్ల మీద నిలబెట్టి చూసేసరికి మా పిల్ల, "అంటే ఇవి నాలుగు వేరే వేరే అలంకారాలు కాదా పిన్నీ, చెయ్యి కొంచెం కొంచెంగా మాయమవుతోంది కదా" అంది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఏ మెట్టు మీద ఆగాలన్నది కవి నిర్ణయం. ఎక్కువ చెప్తే చదివేవాళ్లకి ఊహించుకునే పని మిగలదు, మరీ తక్కువ చెప్తే అర్థం కాదు.

అసలు ఆ ఆఖరి మెట్టు మన పిల్లలకి పుస్తకం పట్టకముందే తెలుసు. పొడుపు కథలన్నీ అవే! "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు." కంటి రెప్పలు. "తోక లేని పిట్ట తొంభై ఆమడ పోతుంది." ఉత్తరం. రెప్పల్ని దాచి తలుపుల్ని చూపించారు, ఉత్తరాన్ని దాచి పిట్టని ఎగరేశారు. విప్పడమంటే మింగేసిన ఉపమేయాన్ని బయటికి లాగడమే. మా అమ్మమ్మకి అక్షరం ముక్క రాదు, రూపకాతిశయోక్తి అనే మాట వినే అవకాశమే లేదు, కానీ వేసవి రాత్రుళ్లు మంచాల మీద పడుకోబెట్టి మాకు నేర్పింది అదే.

సామెతల్లోనూ ఇదే తంతు. "అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పరిస్థితి" అంటాం. ఎలా ఉందో చెప్పం, సమానధర్మం ఎగరగొట్టేశాం, అయినా తెలుగువాళ్లెవరూ "అంటే ఎలా?" అని అడగరు. ఇంట్లో ఒక్కసారైనా అడకత్తెరతో వక్కలు కత్తిరించడం చూసినవాళ్లకి రెండు వైపుల నుంచీ వచ్చే ఆ నొక్కుడు తెలుసు. రేపు అడకత్తెర చూడని పిల్లలకి ఈ లుప్తోపమ పని చేస్తుందా? చెయ్యదు. పోలిక బతకాలంటే పోల్చిన వస్తువు మన మధ్య ఉండాలి. నాకు దీని మీద కొంచెం దిగులుంది.

ఇక యతి దగ్గరికి వస్తాను. మా పిల్ల అసలు దీన్ని వదిలేద్దామనుకుంది, "ఛందస్సు ఛాయిస్‌లో వదిలేస్తా పిన్నీ" అని. నేను ఒప్పుకోలేదు. పరీక్షలో వదిలేస్తే వదిలెయ్ కానీ ఒక్క ఐదు నిమిషాలు విను అని చందమామ పాట పాడమన్నాను. అంత రాత్రి వేళ సిగ్గుపడుతూ పాడింది.

"చందమామ రావే, జాబిల్లి రావే, కొండెక్కి రావే, గోగుపూలు తేవే, బండెక్కి రావే, బంతిపూలు తేవే, పల్లకిలో రావే, పారిజాతం తేవే."

యతి అంటే పద్యపాదం మొదటి అక్షరంతో ఆ పాదంలోనే ఇంకో చోట ఉండే అక్షరం జత కట్టడం. జత అంటే అచ్చంగా అదే అక్షరం కానక్కర్లేదు. క, ఖ, గ, ఘ ఒకదానికొకటి చెల్లుతాయి. చ, ఛ, జ, ఝ, శ, ష, స ఒక జట్టు. అయితే హల్లుతో పాటు దాని మీదున్న అచ్చు కూడా కుదరాలి. అచ్చుల్లో అ, ఆ, ఐ, ఔ ఒక గుంపు, ఇ, ఈ, ఎ, ఏ ఇంకోటి (ఋ కూడా వీటితోనే), ఉ, ఊ, ఒ, ఓ మరోటి. ఇప్పుడు పాట దగ్గరికి వెళ్లండి. చందమామ, జాబిల్లి: చ-జా, కుదిరింది. కొండెక్కి, గోగుపూలు: కొ-గో, కుదిరింది. బండెక్కితే బంతిపూలే తేవాలి, పల్లకిలో వస్తే పారిజాతమే తేవాలి. కొండెక్కి వచ్చి బంతిపూలు తెస్తే పాట తప్పు! ఏ తల్లీ తప్పు పాడదు, ఎందుకంటే నోరే ఒప్పుకోదు.

అందుకే నేను యతిని ముందుగా జ్ఞాపకానికి సంబంధించిన సంగతి అంటాను. నిద్రమత్తులో ఉన్న తల్లికి తర్వాతి పువ్వు ఏదో గుర్తు రాకపోయినా పర్వాలేదు, బండి అనగానే "బం" అనే శబ్దం బంతిపూల దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. వందల ఏళ్లు కాగితం లేకుండా పద్యాలు నోటి నుంచి నోటికి వచ్చాయంటే ఇలాంటి కొక్కేలు ఉండబట్టే. ఒక మాట జారిపోయినా కొక్కెం మిగిలి ఉంటుంది, దాన్ని పట్టుకుని మిగతాది లాక్కోవచ్చు.

ఇంకో సంగతి. యతి అనే మాటకి సంస్కృతంలో విరామం అని అర్థం, అక్కడ శ్లోకం చదువుతూ ఆగే చోటు అది, అక్కడ పదం తెగుతుంది. మన తెలుగులో అలా ఆగనక్కర్లేదు, పదం మధ్యలోనైనా యతి పడొచ్చు. ఆగడానికి బదులు శబ్దం తిరిగి మోగాలి. ఎక్కడ మోగాలన్నది పద్యం రకాన్ని బట్టి ఉంటుంది: ఉత్పలమాలలో 10వ అక్షరం దగ్గర, చంపకమాలలో 11వ అక్షరం దగ్గర, శార్దూలంలో 13, మత్తేభంలో 14. ఈ అంకెలు నేనూ బట్టీ పట్టినవే, కానీ పద్యం పైకి చదివితే ఆ చోటు చెవికే తెలిసిపోతుంది. మౌనంగా చదివే పిల్లలకి యతి ఎందుకో అర్థం కాకపోవడంలో వాళ్ల తప్పేం లేదు, అది కంటికి సంబంధించింది కాదు.

ప్రాస సంగతి కూడా ఇంతే. ఇప్పుడు ప్రాస అనగానే అందరూ పాటల్లో చివర వచ్చే రావే-తేవే అనుకుంటారు, అది అంత్యప్రాస. పద్యాల్లో ప్రాస అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం కలవడం. "అక్కరకు రాని చుట్టము, మ్రొక్కిన వరమీని వేల్పు, మోహరమునఁ దా, నెక్కినఁ బారని గుర్రము, గ్రక్కున విడువంగవలయుఁ గదరా సుమతీ." అక్క, మ్రొక్కి, నెక్కి, గ్రక్కు. నాలుగు పాదాల్లోనూ మొదటి అడుగులోనే ఆ "క్క" ఠక్కున తగులుతుంది. పద్యం చెప్తున్నది ఏంటి? పనికిరానివాటిని ఠక్కున వదిలెయ్యమని. ఆ నిష్కర్ష శబ్దంలోనే ఉంది. ఇదే నీతిని మెత్తటి అక్షరంతో, "ల"తోనో "వ"తోనో చెప్తే ఇంత గట్టిగా తగిలేది కాదని నా నమ్మకం.

సామెతల్లో కూడా చూడండి. "అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు." మొదటి సగంలో అత్త-ఉత్త, రెండో అక్షరం కలిసింది, ఇది ప్రాసయతి. రెండో సగంలో కోడలు-గుణవంతురాలు, కో-గు, ఇది మామూలు యతి. దీన్ని పుట్టించినవాళ్లు ఎవరో మనకి తెలియదు, బహుశా ఏ కోడలో అయుంటుంది, కానీ ఛందస్సు మాత్రం తెలిసినవాళ్లలా అన్నారు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్యం. పోతన భాగవతంలో గజేంద్రమోక్షం. ఏనుగు మొర విని విష్ణువు లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా, పట్టుకున్న ఆవిడ పైట కొంగైనా వదలకుండా బయల్దేరిపోయాడు. ఆవిడ వెనకే వెళ్తోంది.

"అడిగెద నని కడువడిఁ జను
నడిగినఁ దను మగుడ నుడుగఁ డని నడ యుడుగున్
వెడవెడ సిడిముడి తడబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్"

ఎక్కడికని అడుగుదామని గబగబా వెళ్తుంది, అడిగినా తిరిగి మాట్లాడడేమోనని నడక ఆపేస్తుంది, కంగారుతో తడబడుతూ అడుగు వేస్తుంది, వెయ్యబోయి వెయ్యలేకపోతుంది. ఇంతే కథ. పరీక్షలో దీన్ని వృత్త్యనుప్రాసకి ఉదాహరణగా ఇస్తారు, "డ అనే హల్లు పలుమార్లు వచ్చింది కావున" అని రాస్తే మార్కులు వేస్తారు. పలుమార్లు అంటే ఎన్నిసార్లో లెక్కపెట్టాను, 23 సార్లు. కానీ లెక్క ఎవరైనా చేస్తారు. "డ"నే ఎందుకు, "మ" ఎందుకు కాదు?

పైకి చదివి చూడండి. "డ" అనాలంటే నాలుక వెనక్కి మడిచి అంగిలికి కొట్టి వదలాలి. కొట్టడం, వదలడం. అడుగు పడటం, లేవడం. మూడో పాదంలో ఒక్క గురువు (పలకడానికి ఎక్కువ సేపు పట్టే అక్షరం) కూడా లేదు, పన్నెండు అక్షరాలూ లఘువులే, అంటే పొట్టివే: వెడవెడ సిడిముడి తడబడ. ఎక్కడా సాగదీసే వీలు లేదు, చిన్న చిన్న తొందర అడుగులు. ఆవిడ నడక మన నోట్లో జరుగుతోంది. దృశ్యాన్ని వర్ణించడం కాదిది, మన నాలుకని తడబడేట్టు చెయ్యడం.

ఇంకొకటి ఉంది, ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. మన తెలుగులో "అడుగు" అంటే ప్రశ్నించు అని ఒక అర్థం, కాలితో వేసే అడుగు ఇంకో అర్థం. పద్యం "అడిగెద" అని మొదలై "అడుగిడు" దగ్గర తేలుతుంది. ఆవిడ అడగాలా వద్దా అన్నదే అడుగు వెయ్యాలా వద్దా అయిపోయింది. నోట్లో ప్రశ్న ఆగినప్పుడల్లా కాలు ఆగుతుంది. ఈ రెండు మాటలు ఒకేలా వినిపించే భాష దొరకడం పోతన అదృష్టం, దాన్ని ఇలా వాడుకోవడం ఆయన ప్రతిభ. ఇది వేరే భాషలోకి ఎలా తీసుకెళ్తాం? తీసుకెళ్లలేం, నేను ప్రయత్నించి చూశాను.

ఇది చెప్తున్నప్పుడు అవతల మా పిల్ల పద్యం మూడుసార్లు పైకి చదివింది. మూడోసారి వేగంగా చదవబోయి నిజంగానే తడబడి నవ్వేసింది.

మిగతా శబ్దాలంకారాల మధ్య తికమక పడకుండా ఉండటానికి దానికి ఒక దారి చెప్పాను. మళ్లీ మళ్లీ వస్తున్నది ఒక అక్షరమా, ఒక మాటా? ఒక్క హల్లే పదేపదే వస్తుంటే వృత్త్యనుప్రాస. మాటలాంటి జంట వెంటనే వచ్చి అర్థం మారితే ఛేకానుప్రాస, "వంద వందనాలు"లో లాగా. ఒకే అక్షరాల గుంపు మళ్లీ వచ్చి ప్రతిసారీ కొత్త అర్థం ఇస్తే యమకం. మాటా అదే, అర్థమూ అదే, కానీ ఉద్దేశం మారితే లాటానుప్రాస.

లాటానుప్రాసకి పోతనదే "కమలాక్షు నర్చించు కరములు కరములు" అని చెప్తారు. విష్ణువుని పూజించే చేతులే చేతులు అని. మొదటి కరములు శరీరంలో భాగం, రెండోవి చేతులు అనే పేరుకి తగినవి. పుస్తకంలో పేరు చూసి భయపడతాం కానీ ఇది రోజూ అనేదే. "ఎంతైనా అమ్మ అమ్మే." ఇందులో రెండో అమ్మ చేసే పని అదే.

యమకానికి సత్యభామ యుద్ధానికి బయల్దేరినప్పుడు కృష్ణుడన్న పద్యం. "లేమా! దనుజుల గెలువఁగ, లేమా? నీవేల కడఁగి లేచితి? విటు రా, లే, మాను, మానవేనిన్, లే, మా విల్లందికొనుము లీలం గేలన్." మొదటి లేమా ఓ అమ్మాయీ అని పిలుపు. రెండోది మేం గెలవలేమా అని. మూడోది లే, మానెయ్ అని, అందులో "మాను"లోని మా. నాలుగోది మానకపోతే లే, మా విల్లు అందుకో అని. నాలుగు పాదాలకీ ఒకటే మొదలు. అయితే ఇందులో నన్ను పట్టేసేది గారడీ కాదు, మాట్లాడే తీరు. పిలవడం, అలగడం, వద్దనడం, చివరికి సరే నీ ఇష్టం అని విల్లు ఇచ్చేయడం. ఒక మొగుడి మనసు నాలుగు పాదాల్లో ఎంత దూరం వచ్చిందో! శబ్దం కదలకుండా ఒకే చోట ఉండబట్టే మనసు ఎంత కదిలిందో తెలుస్తోంది.

శ్లేష గురించి, అంటే ఒకే మాటలో రెండు అర్థాలు ఇమడ్చడం గురించి, ఎక్కువ చెప్పను. "మిమ్ము మాధవుడు రక్షించుగాక" అంటే విష్ణువు కాపాడతాడు, అదే మిమ్ము, ఉమాధవుడు అని విడదీస్తే శివుడు కాపాడతాడు. సంధిలో ఒక "ఉ" కలిసిపోబట్టి ఇద్దరు దేవుళ్లూ ఒకే మాటలో ఇమిడారు. పింగళి సూరన 16వ శతాబ్దంలో రాఘవపాండవీయం అని ఏకంగా ఒక కావ్యమంతా ఇలా రాశాడు, ఒక రకంగా చదివితే రామాయణం, ఇంకో రకంగా చదివితే భారతం. ఆ శక్తికి దండం పెడతాను కానీ నా మనసు మాత్రం అడుగిడు-అడుగిడదు దగ్గరే ఉండిపోతుంది.

స్వభావోక్తి గురించి మాత్రం ఒక మాట చెప్పాలి, దాన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. జింకలు చెవులు నిక్కబొడుచుకుని, బిత్తర చూపులు చూస్తూ చెంగుచెంగున దూకుతున్నాయి, అంతే, ఉన్నది ఉన్నట్టు. పోలిక లేదు, ఊహ లేదు, అతిశయం లేదు. అయినా మన పెద్దలు దీన్ని కూడా అలంకారమనే అన్నారు. బాగా చూడటమే ఒక అలంకారమని వాళ్లు ఒప్పుకున్నందుకు నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది. అలంకారం అనగానే మనకి నగలు గుర్తొస్తాయి, క్లాసులో కూడా "మనిషికి నగలెలాగో కావ్యానికి అలంకారాలు అలాగ" అనే మొదలుపెడతారు. నగ తీసేసినా మనిషి ఉంటుంది. పోతన పద్యంలో "డ"లు తీసేస్తే ఏం ఉంటుంది? సంస్కృతంలో "అలం" అంటే చాలు, సరిపోయింది అని. అలంకారం అంటే సరిపోయేట్టు చెయ్యడం. నాకు ఈ అర్థమే నచ్చుతుంది. చెప్పాల్సింది ఇంకా సరిపోలేదనిపించినప్పుడు కవి చేసే పని అది.

పరీక్ష బాగానే రాసిందట. ఇప్పుడు ఆదివారాలు మా ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరం ఒక కాగితం పెట్టుకుని సామెతల్లో యతి ఉందో లేదో చూస్తున్నాం. "నిమ్మకు నీరెత్తినట్టు": ని-నీ, ఉంది. "అయ్య వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా": మూడు చోట్ల ఉంది. మొన్న "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" దగ్గర ఆగింది. చ, శ ఒకే జట్టు, కానీ ఒకదానికి ఎత్వం, ఇంకోదానికి అకారం, అచ్చులు కలవలేదు. "రూల్ ప్రకారం కుదర్లేదు పిన్నీ, కానీ చెవికి బాగానే ఉంది కదా, ఏం చేద్దాం?" అంది. కాసేపు ఇద్దరం దాన్ని మార్చి మార్చి పైకి అని చూశాం, చివరికి ఆ సామెత పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి కిందిదానికి వెళ్లాం.